అయస్కాంతానికి ఏది అంటుతుంది, ఏది అంటదు

"అయస్కాంతం లోహాలను ఆకర్షిస్తుంది" అని పిల్లలు చెప్తే చాలామంది పెద్దలు సరేనని తలూపుతారు. ఆ మాట తప్పు. రాగి లోహమే, కానీ అంటదు. ఇత్తడి, అల్యూమినియం, వెండి, బంగారం కూడా అంటవు. మామూలు లోహాల్లో అయస్కాంతం గట్టిగా లాగేవి మూడే: ఇనుము, నికెల్, కోబాల్ట్. ఈ మూడింటిలో ఇంట్లో విరివిగా దొరికేది ఇనుము ఒక్కటే.

తెలంగాణ ఆరో తరగతి సామాన్యశాస్త్ర పుస్తకంలో అయస్కాంతాల మీద ఒక పాఠం ఉంది. పాఠం చెప్పేటప్పుడు సాధారణంగా బల్ల మీద మేకు, చెక్క స్కేలు, రబ్బరు, సుద్దముక్క పెడతారు. మేకు అంటుతుంది, మిగతావి అంటవు. పిల్లలు పట్టిక నింపి పుస్తకం మూసేస్తారు. ఇందులో తప్పేమీ లేదు. కానీ పిల్లలు ముందే ఊహించగలిగినదాన్ని పరీక్షిస్తే కొత్తగా తెలిసేది తక్కువ. ఊహ తప్పే వస్తువులను వాళ్ల ముందు పెట్టాలి. గోదావరి ఒడ్డునున్న చెన్నూరులో అలాంటివి ప్రతి ఇంట్లోనూ, ఏటి ఒడ్డునా ఉన్నాయి.

మొదట చిల్లర తీసుకోండి. ఇప్పటి రూపాయి బిళ్ల అయస్కాంతానికి టక్కున అంటుతుంది. అది ఇనుము, క్రోమియం కలిసిన స్టీలు. పసుపురంగు 5 రూపాయల బిళ్ల అంటదు. అందులో ఎక్కువ భాగం రాగి. పాత తెల్లటి మందపాటి 5 రూపాయల బిళ్ల ఇంట్లో ఉంటే అదీ పెట్టి చూడండి. దానిలో 75 శాతం రాగి, 25 శాతం నికెల్. నికెల్ అయస్కాంతానికి అంటుకునే లోహమే అయినా ఈ బిళ్ల అంటదు. అంత రాగిలో కలిసిపోయాక నికెల్ తన అయస్కాంత గుణాన్ని నిలుపుకోలేదు. మధ్యలో కొన్నేళ్లు 5 రూపాయల బిళ్లలను స్టీలుతోనూ చేశారు. అవి అంటుతాయి. విలువ ఒకటే, పేరు ఒకటే, అయినా జవాబు వేరు. ఒక వస్తువు దేనితో తయారైందో దాని పేరు చెప్పదని పిల్లలకు ఇక్కడ తెలుస్తుంది.

తర్వాత వంటింటికి వెళ్లాలి. ఇనుప పెనం అంటుతుంది, అల్యూమినియం కుక్కర్ అంటదు. స్టీలు గిన్నెల దగ్గరికి వచ్చేసరికి పిల్లలు తడబడతారు. ఒక గిన్నె అంటుతుంది, పక్కనే ఉన్న గ్లాసు అంటదు. రెండింటిలోనూ ఎక్కువ భాగం ఇనుమే. తేడా కలిపిన దినుసుల్లో ఉంది. క్రోమియం మాత్రమే కలిపితే ఇనుము గుణం నిలుస్తుంది. తగినంత నికెల్ గానీ మాంగనీసు గానీ చేరిస్తే లోపల పరమాణువుల అమరికే మారిపోతుంది. ఆ కొత్త అమరికలో అయస్కాంత గుణం కనిపించదు. అలాంటి గ్లాసు అంచు దగ్గర కూడా పెట్టి చూడండి. కొన్నింటికి అక్కడ కొద్దిగా అంటినట్టు ఉంటుంది. రేకును వంచి, సాగదీసిన చోట అమరిక కొంతమేర మళ్లీ మారుతుంది కాబట్టి అలా జరుగుతుంది.

ఇది ఒక్క బడి విషయమే కాదు. పాత సామాన్లు కొనేవాళ్లు ఇనుమునూ స్టీలునూ వేరు చేయడానికి అయస్కాంతం వాడతారు. ఇండక్షన్ పొయ్యి కొన్న ఇంట్లోనూ ఇదే పరీక్ష. గిన్నె అడుగుకు అయస్కాంతం అంటకపోతే ఆ పొయ్యి మీద గిన్నె వేడెక్కదు.

ఇంతకీ ఇనుములో ఏముంది? ప్రతి పరమాణువులోనూ ఎలక్ట్రాన్లు (పరమాణు కేంద్రం చుట్టూ ఉండే అతి సూక్ష్మ కణాలు) ఉంటాయి. ఒక్కొక్కటీ చిట్టి అయస్కాంతంలా పనిచేస్తుంది. రాగిలో, చెక్కలో ఇవి జంటలు కట్టి ఒకదాని బలాన్ని ఒకటి రద్దు చేసుకుంటాయి. ఇనుములో కొన్ని జంట లేకుండా మిగులుతాయి. అలాంటి పరమాణువులు గుంపులుగా ఒకే వైపు తిరిగి ఉంటాయి. ఆ గుంపులను డొమైన్లు (ఒకే దిశలో నిలిచిన పరమాణువులున్న చిన్న భాగాలు) అంటారు. మామూలుగా గుంపుకో దిక్కు. ప్రార్థనకు ముందు బడి ఆవరణలో పిల్లలు గుంపులు గుంపులుగా తలో వైపు తిరిగి నిలబడినట్టు ఉంటుంది. అయస్కాంతం దగ్గరికి రాగానే గంట మోగినట్టు అవి చాలావరకు ఒకే వైపు తిరుగుతాయి. ఆ కాసేపు మేకు కూడా అయస్కాంతం అవుతుంది. దాని కొసన ఇంకో మేకు వేలాడుతుంది.

వేడి ఈ వరుసను చెదరగొడుతుంది. సుమారు 770 డిగ్రీల సెల్సియస్ దాటితే ఇనుము అయస్కాంతానికి అంటదు. కమ్మరి కొలిమిలో ఎర్రగా మండే ఇనుము ఆ స్థితికి చేరుతుంది. చల్లారాక గుణం తిరిగి వస్తుంది. దీన్ని పిల్లల చేత చేయించవద్దు, మాటల్లో చెప్తే చాలు.

చెన్నూరు పిల్లలకు అన్నిటికన్నా మంచి పరీక్షాశాల గోదావరి ఇసుక. ఏటి దాకా పోనక్కర్లేదు, ఇల్లు కట్టేచోట పోసిన కుప్ప చాలు. అయస్కాంతాన్ని ఒక ప్లాస్టిక్ సంచిలో చుట్టి పొడి ఇసుకలో తిప్పండి. నల్లటి సన్న రేణువులు మీసాల్లా నిక్కబొడుచుకుని అంటుతాయి. వాటిలో ఎక్కువ భాగం మాగ్నటైట్ (ఇనుము, ఆక్సిజన్ కలిసిన నల్ల ఖనిజం). నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వర్‌లో పుట్టిన గోదావరి దక్కను బసాల్ట్ (లావా చల్లారి ఏర్పడిన నల్లరాయి) నేల మీదుగా వస్తుంది. ఆ రాయి అరిగి ఈ రేణువులు ఇసుకలో కలుస్తాయి. ఇప్పుడు ఎర్రమట్టిలో అదే అయస్కాంతం తిప్పండి. ఆ ఎరుపు కూడా ఇనుము వల్ల వచ్చిందే. అయినా నాలుగు రేణువులు తప్ప మట్టి అంటదు. తుప్పు రజనుదీ ఇదే సంగతి. ఇనుము ఉంటే చాలదు, అది ఏ రూపంలో ఉందన్నది ముఖ్యం.

ఈ ప్రాంతానికి మాగ్నటైట్ కొత్త కాదు. ఉత్తర తెలంగాణ కొలుములు ఇలాంటి ముడిఖనిజంతోనే ఇనుము తీశాయి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు ముద్దల కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. 1820ల మొదట్లో హెన్రీ వాయిసీ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ ఉక్కు తయారీని చూసి రాసిపెట్టాడు. 2010లో బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణలో పాత కొలుముల జాడలు వెతికాయి. సంచికి అంటిన నల్ల రజను చూపిస్తూ ఈ కథ చెప్తే పిల్లలు శ్రద్ధగా వింటారు.

పరీక్షకు ముందే ప్రతి ఒక్కరూ తమ ఊహ రాయాలి. తర్వాతే అయస్కాంతం చేతికివ్వాలి. ఊహ తప్పినవాళ్లను "ఎందుకు తప్పింది" అని అడగాలి, మార్కులు తగ్గించకూడదు. పాత స్పీకర్ నుంచి తీసిన నల్లటి గుండ్రని అయస్కాంతం దీనికి సరిపోతుంది.

గోలీకన్నా చిన్నవైన వెండిరంగు బలమైన అయస్కాంతాలు మాత్రం చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి. రెండు మింగితే అవి పేగు గోడల మీదుగా ఒకదాన్నొకటి లాక్కుని పేగుకు చిల్లు పెట్టగలవు. మింగారని అనుమానం వచ్చినా కడుపునొప్పి వచ్చేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.