వైద్యవిద్యా ప్రవేశం - మార్కుల మెరుగుదల

ఇంటర్మీడియట్‌లో తక్కువ మార్కులు వచ్చిన విద్యార్థి ఎం.బి.బి.ఎస్. ప్రవేశానికి ప్రయత్నించే ముందు ఆ లోపాన్ని సరిదిద్దుకొనడానికి అనుసరించే మార్గాలను మార్కుల మెరుగుదల అంటారు. తెలుగునాట దీనికి ప్రధానంగా రెండు రూపాలు ఉన్నవి. ఒకటి, అదే పరీక్షను మరల వ్రాసి మార్కులు పెంచుకొనడం. దీనిని వాడుకలో ఇంప్రూవ్‌మెంటు లేదా బెటర్‌మెంటు అంటారు. రెండవది, ఒక సంవత్సరం ఆగి ప్రవేశపరీక్షకు మరల చదవడం. ఇది లాంగ్ టర్మ్ అనే పేరుతో ప్రసిద్ధి. ఈ రెండింటి ప్రయోజనాలు వేరువేరు. వీటిని ఒకటిగా భావించి విలువైన సంవత్సరాన్ని కోల్పోయే విద్యార్థులు ప్రతి ఊరిలోను ఉన్నారు.

నేపథ్యం

విశాఖపట్నం జిల్లాలోని ఆనందపురం జాతీయ రహదారిపై ఉన్న మండల కేంద్రం. పూలకు పేరుపొందిన ఈ ఊరి కూడలి నుండి దక్షిణంగా పోతే 1923లో స్థాపించబడిన ఆంధ్ర వైద్య కళాశాల ఉన్న విశాఖపట్నం, భీమునిపట్నం వైపున సంగివలసలో ఒక ప్రైవేటు వైద్య కళాశాల కలవు. దూరం దృష్ట్యా చూస్తే వైద్యవిద్య ఇక్కడి విద్యార్థికి అందుబాటులోనే ఉన్నది. అందనిది ర్యాంకు మాత్రమే.

ఆంధ్రప్రదేశ్‌లో 1986లో ఎంసెట్ ప్రారంభమైనది. వైద్య సీట్లకు 2016 వరకు ఈ పరీక్షే ఆధారం. 2009 నుండి ఎంసెట్ ర్యాంకులో ఇంటర్మీడియట్ గ్రూపు మార్కులకు 25 శాతం వెయిటేజి ఇచ్చారు. దీని ప్రభావం ఒక లెక్కతో తెలుస్తుంది. బై.పి.సి. గ్రూపు సబ్జెక్టులకు ప్రయోగ పరీక్షలతో కలిపి 600 మార్కులు. అందులో 480 వచ్చినవారికి 25కు గాను 20, కేవలం 300 వచ్చినవారికి 12.5 లభించేవి. ఈ 7.5 వ్యత్యాసం 160 మార్కుల ఎంసెట్‌లో 16 మార్కులతో సమానం. కనుక ఆ రోజులలో ఇంప్రూవ్‌మెంటు వ్రాయడం వలన ర్యాంకు నేరుగా మెరుగుపడేది.

2017 నుండి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఎం.బి.బి.ఎస్. సీట్లన్నీ నీట్ ర్యాంకు ఆధారంగానే భర్తీ అవుతున్నవి. నీట్ ర్యాంకులో ఇంటర్మీడియట్ మార్కులకు స్థానం లేదు. నియమం మారినా అలవాటు మారలేదు. నేటికీ కొన్ని కుటుంబాలు 850 మార్కులను 920 చేయించడానికి పిల్లలను మరల పరీక్షకు కూర్చోబెడుతున్నవి. వైద్య సీటు వరకు చూస్తే ఆ 70 మార్కులకు విలువ లేదు. వ్యవసాయ, ఫార్మసీ కోర్సుల మాట వేరు. ఆంధ్రప్రదేశ్ ఈఏపీసెట్‌లో కొన్నేళ్ళు నిలిపివేసిన 25 శాతం వెయిటేజిని 2023లో పునరుద్ధరించారు. వైద్యంతో పాటు ఆ కోర్సులను కూడా దృష్టిలో పెట్టుకొన్న విద్యార్థికి మంచి మార్కులు ఉపకరిస్తాయి.

ఇంప్రూవ్‌మెంటు ఎవరికి అవసరం

ఇంటర్మీడియట్ ఉత్తీర్ణతకు 35 శాతం చాలును. 1997 నాటి భారత వైద్యమండలి నియమావళి మాత్రం భౌతిక, రసాయన, జీవశాస్త్రాలలో కలిపి సాధారణ వర్గానికి 50 శాతం, షెడ్యూల్డు కులాలు, తెగలు, ఇతర వెనుకబడిన వర్గాలకు 40 శాతం కనీస అర్హతగా నిర్ణయించినది. 600 మార్కులకు ఇవి వరుసగా 300, 240. అన్నింటిలోను సరిగ్గా 35 శాతం వచ్చినవాని మొత్తం 210 మాత్రమే. అతడు ఇంటర్మీడియట్ ఉత్తీర్ణుడే కాని, ఈ కొలత ప్రకారం వైద్యవిద్యకు అనర్హుడు. అసలు ఇబ్బంది ఈ రెండు గీతల నడుమ చిక్కుకొన్నవారిది. నీట్‌లో మంచి ర్యాంకు వచ్చి కౌన్సెలింగు సమయంలో ఈ సంగతి బయటపడితే చేయగలిగినది ఏమీ ఉండదు. నియమాలు తరచు మారుతున్నందున ఆ యేటి ప్రకటనలో అర్హత శాతాన్ని ముందే చూసుకొనవలెను. రాష్ట్ర సీట్ల ప్రకటనను విజయవాడలోని డా. ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం వెలువరిస్తుంది.

మొదటి సంవత్సరం ఉత్తీర్ణుడైన విద్యార్థి వేసవిలో జరిగే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలలో తనకు కావలసిన సబ్జెక్టులను ఇంప్రూవ్‌మెంటు కొరకు వ్రాయవచ్చును. రెండు మార్కులలో ఎక్కువైన దానినే నిలుపుతారు, కనుక నష్టభయం లేదు. రెండవ సంవత్సరం కూడా పూర్తిచేసినవారికి అవకాశం పరిమితం. కాలపరిమితి, వ్రాయవలసిన పేపర్ల విషయంలో ఇంటర్మీడియట్ విద్యామండలి షరతులు ఉంటాయి. అందువలన గ్రూపు మార్కులు అంచున ఉన్నవారు మొదటి సంవత్సరం ముగియగానే సరిచూసుకొనుట మేలు. ప్రయోగ పరీక్షల 120 మార్కులు కూడా ఈ 600లో భాగమే. వీటిని తేలికగా తీసుకొనేవారే ఎక్కువ.

ఎం.పి.సి. చదివి తరువాత మనసు మార్చుకొన్నవారికి జీవశాస్త్రం లేకపోవడమే పెద్ద లోపం. 2023 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ జారీచేసిన ప్రకటన ప్రకారం, పన్నెండవ తరగతి తరువాత గుర్తింపు పొందిన బోర్డు నుండి జీవశాస్త్రాన్ని అదనపు సబ్జెక్టుగా ఉత్తీర్ణులైనవారు కూడా నీట్‌కు అర్హులు.

లాంగ్ టర్మ్ శిక్షణ

అర్హత మార్కులు ఉండి ర్యాంకు రానివారికి మిగిలిన దారి ఇదే. విశాఖపట్నంలో ద్వారకానగర్ పరిసరాలు శిక్షణ సంస్థలకు పేరొందినవి. ఆనందపురం విద్యార్థులకు బస్సులో వెళ్ళిరాగల దూరమే. అయినను అనేకులు విజయవాడ, గుంటూరు, హైదరాబాదులలోని వసతిగృహ శిక్షణకు వెళతారు. ఇక్కడ స్థానికత గురించి కొంత తెలిసి ఉండాలి. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, అర్హత పరీక్ష వ్రాసిన సంవత్సరంతో ముగిసే వరుస నాలుగేళ్ళ చదువు స్థానికతకు ముఖ్య ఆధారం. విజయవాడ, గుంటూరు కూడా ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతంలోనివే కనుక అక్కడ ఇంటర్మీడియట్ చదివినా ఈ నాలుగేళ్ళ లెక్క తెగదు. హైదరాబాదుకు పోయి చదివితే తెగుతుంది. ఇంటర్మీడియట్ తరువాతి లాంగ్ టర్మ్ ఎక్కడ చేసినా ఈ లెక్కలోనికి రాదు.

నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. సగం ప్రశ్నలు జీవశాస్త్రానివే. సరియైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. 90 సరిగా వ్రాసి మిగిలిన 90 తప్పుగా గుర్తించినవారికి 270 వస్తాయి. అంతే తెలిసి, 40 మాత్రమే తప్పు చేసి 50 వదలివేసినవారికి 320 వస్తాయి. మరల వ్రాసేవారు కొత్త పాఠాలకంటె ముందుగా తమ పాత జవాబు పత్రంలో ఏవి తెలియక పోయినవి, ఏవి తొందరపాటుతో పోయినవి అని వేరుచేసి చూసుకొనుటకు కారణం ఇదే. బై.పి.సి. విద్యార్థులకు సాధారణంగా భౌతికశాస్త్రం దగ్గర మార్కులు పోతాయి. పదవ తరగతితో గణితం వదలివేయడం ఇందుకు కొంత కారణం.

తెలుగు మాధ్యమం విద్యార్థికి మరొక అడ్డంకి కలదు. 2017 నుండి నీట్ తెలుగులోనూ వ్రాయవచ్చును. అయితే శిక్షణ సామగ్రి అధికంగా ఆంగ్లంలోనే ఉంటుంది. కిరణజన్య సంయోగక్రియ అని నేర్చినవాడు తరగతిలో ఫోటోసింథసిస్ అని వింటాడు. విషయం తెలిసినా మొదటి రెండు మాసాలు పేర్ల వెంట పరుగెత్తడంతోనే సరిపోతుంది.

నీట్ అర్హత మార్కును చూసి ఆశపడడం కూడా తరచు జరుగుతుంది. సాధారణ వర్గానికి ఈ మార్కు 2023లో 137, 2025లో 144. ఈ మార్కుకు, ప్రభుత్వ సీటు లభించే మార్కుకు నడుమ వందల మార్కుల ఎడం ఉన్నది.

ఎన్నిసార్లు

2017లో విధించిన గరిష్ఠ వయోపరిమితిని 2022లో తొలగించారు. కనీస వయస్సు 17 సంవత్సరాలు. ప్రయత్నాల సంఖ్యకు హద్దు లేదు. ఈ సడలింపు నిజముగా ఉపకరించినది పెళ్ళి వలననో, ఉద్యోగం వలననో చదువు ఆగినవారికి. ఇంటర్మీడియట్ ముగించిన పిల్లల విషయంలో మాత్రం హద్దు లేకపోవడమే చిక్కు తెచ్చినది. మొదటి లాంగ్ టర్మ్‌లో మార్కులు గణనీయంగా పెరిగి, సీటుకు కొద్దిలో తప్పినవారికి రెండవ ప్రయత్నం అర్థవంతమే. మార్పు లేనివారిని మూడవ, నాలుగవ యేడు కూడా అదే వసతిగృహంలో ఉంచడం తల్లిదండ్రుల పట్టుదలే తప్ప మెరుగుదల కాదు. పిల్లవాడు వద్దనుకొంటున్నాడా అని అడిగే ఇండ్లు తక్కువ.

ఇతర దేశాలలో

అమెరికాలో వైద్య కళాశాలలు డిగ్రీ నాలుగేళ్ళ గ్రేడ్లను కూడా చూస్తాయి. అందువలన అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు ఒక్క పరీక్షతో గతం చెరిగిపోదు. గ్రేడ్లు తగ్గినవారు డిగ్రీ తరువాత ఒకటి రెండేళ్ళు విజ్ఞానశాస్త్ర కోర్సులు అదనంగా చదివి, తమ ఇటీవలి చదువు మెరుగైనదని చూపుతారు. టెక్సాస్ రాష్ట్రంలో పదేళ్ళు దాటిన పాత కోర్సులను లెక్కలోనికి తీసుకొనవద్దని కోరే వీలును చట్టమే కల్పించినది. అయితే అలా కోరితే ఆ కాలంలో వచ్చిన మంచి గ్రేడ్లు కూడా పోతాయి.

ఇక్కడ సీటు రాక జార్జియా, కిర్గిజ్‌స్తాన్, ఫిలిప్పీన్స్ వంటి దేశాలకు పోదలచినవారికి కూడా నీట్ అర్హత తప్పనిసరి. 2021 నవంబరు నాటి నియమాల ప్రకారం అక్కడి కోర్సు 54 మాసాలకు తగ్గకుండా, ఆంగ్ల మాధ్యమంలో ఉండవలెను. ఇంటర్న్‌షిప్ దీనికి అదనం. రుసుము చెల్లించుటకు ముందే ఆ కళాశాల ఈ నిబంధనలకు లోబడి ఉన్నదో లేదో కాగితాలపై చూసుకొనవలెను.