మీకు తెలుసా? పెద్ద ప్రింటరు కొనుటలో సిరాయే ప్రధానము

ప్రకటన ఫలకములను, గృహనిర్మాణ పటములను ముద్రించు వెడల్పాటి ప్రింటరును వ్యాపారార్థము కొనదలచినవారు తొలుత ధరను, పిదప వేగమును విచారింతురు గాని, ఆ యంత్రము ఏ సిరాతో పనిచేయునో విచారించుటయే ముఖ్యమని మీకు తెలుసా?

నీటి ఆధారముగల సిరా కాగితముపై సూక్ష్మరేఖలను, ఛాయాచిత్రములలోని వర్ణభేదములను చక్కగా చూపును. కాని ప్రత్యేకపు పూతలేని ఫ్లెక్సీపై అది నిలువదు. ఫ్లెక్సీకిని వినైలునకును సాల్వెంటు సిరా తగును. అది ప్లాస్టిక్కు పైపొరను ఒకింత మెత్తబఱచి లోనికి దిగును గనుక ఎండవానలకు ఓర్చును. అయితే అందలి ద్రావకము ఆవిరి కాకమునుపే లామినేషను చేసినచో అంటు చెడి, అంచులు పైకి లేచును. అందుచేత ముద్రితమును ఒక దినమైనను ఆరనిచ్చుట వాడుక. ఆ ఆవిరిని నిత్యము పీల్చు పనివాని ఆరోగ్యము దృష్ట్యా గది ధారాళముగ గాలియాడునదై యుండుట అత్యవసరము. గాలి ఏర్పాటుకగు ఖర్చును తగ్గింపజూచుట తగదు. యూవీ సిరా అతినీలలోహిత కిరణములు సోకినంతనే గట్టిపడును గనుక చెక్కపైనను లోహముపైనను ముద్రింపవచ్చును.

వెడల్పు మాట: 24 అంగుళముల యంత్రము ఏ1 పటమునకు చాలును, 841 మిల్లీమీటర్ల వెడల్పుగల ఏ0 పటమునకు 36 అంగుళములది వలయును.

పనిలేక చిరకాలము నిలిచిన యంత్రమున సిరా ఎండి నాజిళ్లు పూడుకొనును. వానిని శుభ్రపఱచుటకును సిరాయే వ్యయమగును. ఇక కొనుటకు ముందు, మీరు నిత్యము వాడు సరకుపైననే, మీ సొంత చిత్రమును ముద్రింపించి చూచుకొనుడు.