వడ్డించే చేయి

టెన్నిసు ఆటలో ప్రతి పాయింటునూ ఆరంభించే దెబ్బకు ఇంగ్లీషువారు పెట్టిన పేరు సర్వీసు. దానికి తెలుగు మాట వెదికితే వడ్డన అన్నదే ముందుగా స్ఫురిస్తుంది. పూర్వం ఐరోపా రాజాస్థానాలలో నాలుగు గోడల నడుమ ఆడిన టెన్నిసులో, దొరలకు బంతిని విసిరి అందించే పని సేవకులదనీ, అందుచేతనే ఆ పేరు వచ్చిందనీ చెబుతారు. 1874లో వింగ్‌ఫీల్డ్ అనే సైనికోద్యోగి పచ్చికమీది టెన్నిసుకు పేటెంటు పొందిన నాటికి కూడా ఆ దెబ్బ ఆటకు నాంది మాత్రమే. 1877లో వింబుల్డన్ పోటీలు మొదలైన తరువాత కొద్ది సంవత్సరాలకు గాని బంతిని తలమీదినుంచి కొట్టే పద్ధతి స్థిరపడలేదు. ఆనాటి వడ్డన నేడు ఆయుధమై కూర్చున్నది. గంటకు 200 కిలోమీటర్ల వేగం దాటిన సర్వీసును గురించి ఇప్పుడెవరూ వింతగా చెప్పుకోరు.

అయితే సాయంకాలం వేళ శ్రీకాకుళంలోనో, విజయనగరంలోనో ఒక కోర్టు ప్రక్కన నిలిచి చూడండి. ఆడేవారు వైద్యులు, న్యాయవాదులు, అధ్యాపకులు, బ్యాంకు ఉద్యోగులు. ఇద్దరిద్దరు జట్లుగా ఆడతారు. ర్యాలీ మొదలైన తరువాత వారి చేతులలో ఎంతో నేర్పు కనబడుతుంది. నెట్టుకు అవతల మెత్తగా జారవిడవడం, ఎదుటివాని ప్రక్కనుంచి మణికట్టు త్రిప్పి పంపడం, వీటికి కొదవ లేదు. కాని సర్వీసు వచ్చేసరికి, బంతిని ఎదురురొమ్ముతో నిలిచి, పెనంమీది అట్టును తిరగవేసినట్లు నెమ్మదిగా తట్టి పంపుతారు. అది కాస్త వేగంగా పడితే, “మేస్టారూ, అందేలాగ వెయ్యండి బాబూ!” అని అవతలినుంచి కేక వినబడుతుంది. ఇంతకన్న చక్కగా వడ్డన అన్న మాటకు అర్థం చెప్పడం నిఘంటుకారునికి కూడా సాధ్యం కాదేమో!

ఈ మెత్తదనానికి కారణమేమిటి? ఆసియావాసులు సహజంగా సౌమ్యులనీ, దేహాలు చిన్నవనీ, మొదటి దెబ్బతోనే ఎదుటివానిని పడగొట్టడం వారి సంస్కృతికి సరిపడదనీ ఒక వాదం ఉన్నది. పరాయివారి నోట విన్నదానికన్న మనవారి నోటనే దీనిని ఎక్కువగా వినవచ్చు. వినడానికి ఇది బాగానే ఉంటుంది గాని పరీక్షకు నిలవదు.

మద్రాసు నగరాన్నే తీసుకుందాము. రామనాథన్ కృష్ణన్ 1960లోనూ, 1961లోనూ వింబుల్డన్ సెమీఫైనల్ దాకా వెళ్ళిన మేటి. అంతటివాని సర్వీసులో బలం లేదని విమర్శకులు వ్రాసేవారు. ఆయన కుమారుడు రమేశ్ 1986లో అక్కడే క్వార్టర్ ఫైనల్ చేరాడు. అతని సర్వీసూ మెత్తనిదే. కాని అదే నగరంలో, అదే గాలి పీల్చి పెరిగిన విజయ్ అమృతరాజ్, 1973లోనూ 1981లోనూ వింబుల్డన్ క్వార్టర్ ఫైనల్ ఆడినవాడు, గట్టి సర్వీసుకు పెట్టింది పేరు. 1987లో రమేశ్, విజయ్ కలిసి ఒకే డేవిస్ కప్పు జట్టులో స్వీడన్‌పై ఫైనల్ ఆడారు. ఊరొకటే అయినా చేతులు రెండు విధాలు. సంస్కృతియే సర్వీసును నిర్ణయిస్తే ఇది ఎట్లు పొసగుతుంది?

ఎత్తు మాటలో మాత్రం కొంత నిజం ఉన్నది. లెక్కల మేస్టర్లు సరూప త్రిభుజాలు చెప్పేటప్పుడు ఈ ఉదాహరణను వాడుకోవచ్చు. కోర్టు చివరి గీతనుంచి నెట్టు 39 అడుగులు. నెట్టునుంచి సర్వీసు గీత 21 అడుగులు. నెట్టు ఎత్తు మధ్యలో 3 అడుగులు. నెట్టును ఒరుసుకుంటూ సరళరేఖలో పోయి సర్వీసు గీతమీద పడవలెనంటే బంతిని ఎంత ఎత్తున కొట్టాలి? 60ని 3 చేత గుణించి 21 చేత భాగిస్తే దాదాపు 8 అడుగుల 7 అంగుళాలు వస్తుంది. అయిదున్నర అడుగుల మనిషి రాకెట్టు చాచి బంతిని తాకే స్థానం సాధారణంగా దానికి కొంచెం లోపుగానే ఉంటుంది. అనగా అతడు బంతిని వంపు మార్గంలో పంపి తీరాలి. వంపుకు రెండు దారులున్నాయి. బంతిని ముందుకు దొర్లేట్లు గిరగిర త్రిప్పి కొడితే వేగం పోకుండానే అది క్రిందికి దిగుతుంది. త్రిప్పడం రానివాడు వేగం తగ్గించి, దించే పనిని భూమ్యాకర్షణకు అప్పగిస్తాడు. మనవారు పట్టింది ఈ రెండవ దారి. మొదటిది ఎందుకు పట్టలేకపోయారన్నదే అసలు ప్రశ్న.

దీనికి జవాబు బడి ఆటస్థలంలో ఉన్నదని నా అభిప్రాయం. బాల్ బ్యాడ్మింటన్ తంజావూరులో పుట్టిందని చెబుతారు. ఆ ఆటకు 1954లో అఖిల భారత సమాఖ్య ఏర్పడింది. ఆంధ్రదేశపు ఉన్నత పాఠశాలలలో ఒక తరానికి రాకెట్టు పట్టడం నేర్పినది టెన్నిసు కాదు, ఈ ఆటే. పక్షానికి అయిదుగురు, పసుపుపచ్చని ఉన్ని బంతి, ఆరడుగుల నెట్టు. నేలను తాకకముందే బంతిని తిరుగకొట్టాలి. సర్వీసు చేసేటప్పుడు బంతి నడుముకన్న దిగువన ఉండాలి. రెండు పాదాలూ నేలమీదనే ఉండాలి. షటిల్‌లోనూ నియమం ఇటువంటిదే. పైనుంచి కొట్టే సర్వీసు చెల్లదు. ఇక ఆడపిల్లలకు మన బడులు ఎక్కువగా ఇచ్చినది రింగు టెన్నికాయిట్. అందులో రింగును క్రిందినుంచి పైకి పోయేట్లు విసరాలి. భుజం పైనుంచి విసిరితే తప్పు. మూడు ఆటలూ మంచివే. వాటిలోనుంచి వచ్చిన కంటి చురుకూ, మణికట్టు వాటమూ మన టెన్నిసులో కనబడుతూనే ఉన్నాయి. కాని మూడింటిలోనూ ఆటను మొదలుపెట్టే దెబ్బ మర్యాదగా నడుము క్రిందినుంచి రావాలి. పదేళ్ళు ఆ నియమంలో పెరిగిన చేయి, ముప్పయ్యవ ఏట టెన్నిసు కోర్టులో కాలు పెడితే, బంతిని తలపైకి ఎగురవేసిన తరువాత ఏమి చేయాలో తెలియక తడబడదా?

తెలియక అది చేసే పని ఒకటే. రాకెట్టు తలం ఆకాశం వైపు చూసేట్లు, అట్లకాడవలె పట్టుకుంటుంది. ఆ పట్టులో బంతి వెళ్ళడం వెళుతుంది గాని తిరగదు. భుజం లోపలికి మెలితిరగడానికీ వీలుండదు. సర్వీసుకు కావలసినది గొడ్డలి పట్టు. కట్టెను నరికేవాడు గొడ్డలి అంచును ముందుకు పెట్టినట్లు, రాకెట్టు అంచును బంతివైపు పంపి, చివరి క్షణంలో మోచేతినుంచి చేతిని త్రిప్పాలి. ప్రక్కవాటుగా నిలవాలి. మోకాళ్ళు వంచి లేవాలి. తక్కిన చలనమంతా రాయి విసరడమే.

రాయి విసరడం మన పిల్లలకు రాదని ఎవరనగలరు? మామిడి తోపులున్న ఊళ్ళలో ఆ విద్యకు గురువు అక్కరలేదు. కళింగపట్నం ఒడ్డున విసురువల వేసేవాని నడుము తిరిగే తీరు చూసిన ఏ శిక్షకుడైనా ముచ్చటపడతాడు. బలం మాటకు వస్తే, వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి కథ మన పిల్లలకు కొత్త కాదు. ఆముదాలవలస దగ్గరి ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్సులో మొత్తం 240 కిలోల బరువెత్తి కాంస్య పతకం పొందింది. భుజాలమీది బరువును తలపైకి లేపే ముందు ఆమె మోకాళ్ళు ఒక్కసారి వంగి లేస్తాయి. బరువును లేపే ఊపు కాళ్ళనుంచే పుడుతుంది. సర్వీసుకు మూలమూ అదే. ఆమె పుట్టిన నేలమీద ఆ విద్య పుట్టదని చెప్పడం ఎంత విడ్డూరం!

ఇంకొక కారణమున్నది. అది సంస్కృతికి కాదు, జేబుకు సంబంధించినది. సర్వీసు ఒంటరిగా అభ్యసించవలసిన దెబ్బ. దానికి బుట్టెడు బంతులూ, ఖాళీ కోర్టూ కావాలి. మన కోర్టులలో నలుగురికి కలిపి మూడు బంతులు; గోడ ప్రక్కన మరొక నలుగురు తమ వంతుకై కాచుకొని ఉంటారు. వరుసగా రెండు సర్వీసులు తప్పితే భాగస్వామి ముఖం చూడలేము. ఇక తట్టి పంపక ఏమి చేస్తారు? విజయనగరం రాజకుమారుడై, 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత క్రికెట్ జట్టుకు నాయకత్వం వహించిన విజ్జీ, అజ్మీరులోని మేయో కళాశాలలో టెన్నిసు కూడా బాగా ఆడేవాడట. అటువంటివారికి బంతుల లెక్కతో పనిలేదు. ఇటీవలి కాలంలో విశాఖపట్నం నుంచి పైకి వచ్చిన సాకేత్ మైనేని 2014 ఆసియా క్రీడలలో సానియా మీర్జాతో కలిసి స్వర్ణం గెలిచాడు. అతనికి ప్రధాన బలం సర్వీసే. వేళకు నేర్పేవారూ, అభ్యసించే వీలూ దొరికితే తెలుగు చేయి ఏ సర్వీసైనా చేస్తుంది.

క్రిందిచేతి సర్వీసు అవమానకరమని అనుకునేవారికి ఒక్క మాట. టెన్నిసు నియమాలు దానిని ఎన్నడూ నిషేధించలేదు. తైవాను నుంచి వలస వచ్చిన తల్లిదండ్రులకు అమెరికాలో పుట్టిన మైకేల్ చాంగ్ 1989లో, పదిహేడేళ్ళ వయస్సులో, ఫ్రెంచి పోటీలలో ఆనాటి అగ్రగణ్యుడైన లెండిల్‌ను ఎదుర్కొన్నాడు. అయిదవ సెట్టు నాటికి కాళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఆ స్థితిలో అకస్మాత్తుగా బంతిని నడుము దగ్గరనుంచి మెల్లగా వడ్డించాడు. లెండిల్ దిగ్భ్రమ చెందాడు. పాయింటు చాంగ్‌ది, ఆటా అతనిదే, చివరకు ఆ ఏటి ట్రోఫీ కూడా అతనిదే. బాల్ బ్యాడ్మింటన్ ఆడిన మన పిల్లవానికి ఆ దెబ్బ అప్పటికే వచ్చు. రెండవది కూడా నేర్పితే వాని చేతిలో రెండు ఉంటాయి.

నేర్పడానికి పెద్ద ఖర్చు లేదు. పాత మేజోడు కొనలో ఒక బంతి వేసి, పై కొసను పిల్లవాని చేతికిచ్చి, రాయి విసిరినట్లు తలమీదినుంచి త్రిప్పమనండి. ఊపు కాళ్ళనుంచి నడుముకూ, నడుమునుంచి భుజానికీ అంచెలంచెలుగా వస్తే మేజోడు ఈల వేస్తుంది. చేతి బలంతో మాత్రమే లాగితే నలిగి వీపున తగులుతుంది. ఈల వినబడిన తరువాత రాకెట్టు ఇవ్వవచ్చు, గొడ్డలి పట్టుతో.