అడవిపందుల గుంపు కట్టుబాటు – మన చేల కాపు

కార్వేటినగరము చుట్టుపట్ల గుట్టల మొదళ్ళయందు వేరుశనగయు చెఱకును పండించు రైతు సోదరులకు అడవిపందిని గూర్చి క్రొత్తగా పరిచయము చేయ నక్కఱలేదు. ఒక్క రాత్రిలో చాళ్ళను నాగలితో దున్నినట్లు పెల్లగించి కాయ తినిపోవుట అందఱు నెఱిగినదే. అయినను ఆ జంతువు మన చేనిలో చేయు పని తెలిసినంతగా తనవారితో మెలగు తీరు మనకు తెలియదు. కాపు చెడుటకు ముఖ్యకారణ మిదియేయని మేము తలంచుచున్నాము.

పందుల గుంపు తల్లుల గుంపు. వయసు చెల్లిన ఆడుపంది ముందు నడచును. దాని కూతుళ్ళును వాని పిల్లలును వెంట వచ్చును. మగపిల్లలు ఎదిగిన పిమ్మట గుంపును వీడును. పెద్ద మగపంది ఒంటరిగా తిరుగుచు జతకాలమున మాత్రము గుంపును చేరును. మన కావ్యములందు అడవిపందికి ఏకలమను పేరు కలదు. ఆ పేరు విన్నపుడెల్ల ఈ ఒంటరి మగపందియే మాకు స్ఫురించును. ఆడుపంది సుమారు నాలుగు మాసములు మోసి, తఱచుగా నాలుగు మొదలు ఆఱు పిల్లల నీనును. ఈనుటకు ముందు గడ్డియు కొమ్మలును ప్రోగుచేసి గూడు కట్టుకొని కొన్ని దినములు ఎడముగా నుండి, పిదప ఒంటిపై చారలుగల పిల్లలతో మరల గుంపులో కలియును. పిల్లలున్న తల్లికి ఎదురుపడుట గాయపడిన మగపందికి ఎదురుపడుటంత అపాయకరము.

దీని చూపు మందము. ముక్కు మిక్కిలి చుఱుకు. తల్లి కనుగొన్న దారి వెంటవచ్చు పిల్లలకును అలవడును. మంచెపై రాత్రియెల్ల ఒకేచోట వెలుగు దీపమునకు గుంపు కొలదిదినములలో అలవాటుపడును. పిమ్మట ఆ చమురు ఖర్చు వృథయే.

దుప్పుల పద్ధతి వేఱు. 1989లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన శేషాచలపు అడవిలో ఇవి మందలుగా మేయును. ఆ మందకు స్థిరమైన కట్టులేదు. నేడున్నవి రేపు వేఱొక మందలో నుండవచ్చును. చెట్టుపైని కొండముచ్చు కేకవేసినను, ఒక్క దుప్పి బెదరి యఱచినను మంద యంతయు చెవులు నిక్కించును. కణితి పెద్దమంద కట్టదు; ఒంటిగానో రెండు మూడుగానో తిరుగును. దుప్పి కంచెను దూకును, పంది కంచె క్రింద త్రవ్వును. కావున ఒకదానికై వేసిన కంచె రెండవదానికి పనికిరాదు.

విసిగిన కొందఱు చేని చుట్టు తీగెలాగి కరెంటు పెట్టుచున్నారు. రాత్రివేళ మోటారు వేయ వచ్చిన పొరుగు రైతు ఆ తీగె తగిలి చచ్చినచో అతని కుటుంబమునకు ఏ పంట బదులిచ్చును? పందిని చంపుటకట్లు చేయుట 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టము ప్రకారమును నేరమే. ఈ పని ఎంతమాత్రము కూడదని మా దృఢాభిప్రాయము.

ముక్కునే నమ్మిన జంతువును ముక్కుతోనే మరలించుట మేలు. వేరుశనగ చుట్టు కుసుమ వరుసలు వేసినచో ముండ్లు అడ్డగించును, దాని వాసన కాయవాసనను కప్పును. మొక్కజొన్నకు ఆముదము వరుసలు అట్లే అక్కఱకు వచ్చును. కుసుమ చలికాలపు పైరగుటచే వానకాలపు చేలకు ఇది యంతగా కుదురదు. అచ్చట మనుష్యులు మాటిమాటికి చోటు మార్చుచు కాయుటయే గతి. ఒక్కని చేనికే కుసుమ వేసిన గుంపు ప్రక్కచేనిలో దిగును. గట్లు కలిసిన రైతులు విత్తుటకు ముందే కూడి, వెలుపలి చాళ్ళను ఎవరెవరు వేయవలెనో, విత్తనపు ఖర్చును ఎట్లు పంచుకొనవలెనో నిర్ణయించుకొనవలెను.