టమాటా ధర, సెల్‌ఫోను, డిమాండు రేఖ

గత పాఠంలో డిమాండు సూత్రం, సప్లయి సూత్రం చదివారు. రెండు రేఖలు ఖండించుకొనే చోట ధర నిర్ణయమవుతుందని పటం కూడా గీశారు. అయితే ఆ పటంలోని అంకెలు మేము ఊహించి ఇచ్చినవి. ఇప్పుడు నిజమైన అంకెలతో గీసి చూద్దాం. ఇందుకు ఇంటర్నెట్ ఉన్న సెల్‌ఫోను ఒకటి కావాలి. మీకు లేకపోతే ఇంట్లో ఎవరినైనా ఒక గంటసేపు అడిగి తీసుకోండి.

కేంద్ర ప్రభుత్వం నడిపే అగ్‌మార్క్‌నెట్ వెబ్‌సైటులో వ్యవసాయ మార్కెట్ల వివరాలు రోజువారీగా ఉంటాయి. యార్డుకు ఎంత సరుకు వచ్చింది, కనిష్ఠ ధర ఎంత, గరిష్ఠ ధర ఎంత, ఎక్కువ సరుకు ఏ ధరకు అమ్ముడైంది అన్నవి అందులో చూడవచ్చు. చివరిదాన్ని మోడల్ ధర అంటారు. మనకు కావలసింది అదే. ధరలు క్వింటాలుకు ఇస్తారు కనుక కిలో ధర కోసం 100తో భాగించండి.

మదనపల్లె టమాటా మార్కెట్టును, 2023 జూలై నుంచి సెప్టెంబరు వరకు, తీసుకోండి. ఆ జూలైలో అనేక నగరాల్లో కిలో టమాటా చిల్లర ధర 100 రూపాయలు దాటింది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర మార్కెట్లలో కొన్న టమాటాలను కేంద్రం ఢిల్లీ వంటి చోట్ల తక్కువ ధరకు అమ్మించింది. సెప్టెంబరు నాటికి ధర బాగా పడిపోయింది.

స్ప్రెడ్‌షీట్‌లో మొదటి వరుసలో సరుకు పరిమాణం, రెండో వరుసలో ధర వేసి, చుక్కల పటం అడగండి. ఈ క్రమం మార్చకండి. ఫోను మొదటి వరుసను అడ్డంగా ఉన్న అక్షం మీద పెడుతుంది. మన శాస్త్రంలో ధర నిలువు అక్షం మీద ఉండాలి. అంకె లేని రోజును వదిలేయండి, సున్నా వేయకండి. మొదటి పది చుక్కలు మాత్రం గ్రాఫు కాగితం మీద చేత్తో పెట్టండి. లేకపోతే ఫోను గీసినది మీకు బొమ్మగానే మిగులుతుంది.

ఇవి అమ్మకందారుల అంకెలు కదా, చుక్కలు సప్లయి రేఖలా పైకి లేవాలని మీరు అనుకోవచ్చు. కాని సరుకు తక్కువ వచ్చిన రోజునే ధర ఎక్కువగా కనిపిస్తే ఆశ్చర్యపోకండి. కోసిన టమాటా నిల్వ ఉండదు. యార్డుకు చేరాక రైతు దాన్ని వెనక్కి తీసుకుపోలేడు, వచ్చిన ధరకు అమ్మాల్సిందే. అంటే ఆ ఒక్క రోజుకు సప్లయి రేఖ దాదాపు నిటారుగా ఉంటుంది. పంటను బట్టి ఆ నిటారు రేఖ ఎడమకో కుడికో జరుగుతుంటే, చుక్కలు వ్యాపారుల డిమాండు రేఖ వెంట పడతాయి.

అన్ని చుక్కలూ ఒకే రేఖ మీద పడవు. మదనపల్లె సరుకు ఇతర రాష్ట్రాలకూ పోతుంది. మహారాష్ట్ర పంట మార్కెట్టుకు వచ్చిందంటే, ఇక్కడ రాక మారకపోయినా కొనేవారు తగ్గుతారు. అప్పుడు డిమాండు రేఖే జరుగుతుంది. “ఇతర పరిస్థితులు మారకుండా ఉంటే” అని సూత్రంలో చదివిన మాట, మీ పటంలో చెదిరిన చుక్కలుగా కనిపిస్తుంది.

అభ్యాసం: ఉల్లిపాయలు కొంతకాలం నిల్వ ఉంటాయి. అవే నెలలకు ఏదైనా ఒక ఉల్లి మార్కెట్టు అంకెలతో పటం గీయండి. నిటారు సప్లయి రేఖ అనే వివరణ దీనికి ఎంతవరకు సరిపోతుందో అయిదు వాక్యాల్లో రాయండి.