కథానాయకుడి కత్తికి సాన పట్టేదెవరు?

మన జానపద చిత్రాలు చూసినవాళ్లందరికీ తెలిసిన సంగతే! కథానాయకుడు ఒరలోంచి కత్తి దూశాడంటే చాలు, ఎదురుగా ఎంతమంది భటులున్నా నేల కూలాల్సిందే. గుహలు దాటుతాడు, రాక్షసుణ్ణి నరుకుతాడు, చివరి రీల్లో మాంత్రికుడి పని పడతాడు. మరి ఆ కత్తి ఒక్కనాడైనా మొద్దుబారిందా? దానికి సాన పట్టే కమ్మరి ఏ రీల్లోనైనా కనిపించాడా? ఊహూఁ! వెండితెర మీద ఆయుధానికి అరుగుదల లేదు.

అరుగుదల వున్న జానపదం ఒకటుంది. దాని పేరు మైన్‌క్రాఫ్ట్. చదరపు దిమ్మెలు తవ్వి, పేర్చి, ఇళ్లూ కోటలూ కట్టుకునే వీడియో గేమ్ అది. స్వీడన్ దేశస్థుడు మార్కస్ పెర్సన్ 2009లో దాని తొలిరూపాన్ని జనం ముందు పెట్టాడు. 2011 నవంబరులో పూర్తి ఆట వచ్చింది. 2014లో మైక్రోసాఫ్ట్ వారు ఆ ఆటను, దాన్ని తయారుచేసిన కంపెనీతో సహా 250 కోట్ల డాలర్లకు కొనేశారు. 2023 నాటికి అమ్ముడైన ప్రతులు 30 కోట్లు దాటాయి! 2025 ఏప్రిల్‌లో జాక్ బ్లాక్, జేసన్ మొమోవా నటించగా హాలీవుడ్ సినిమా కూడా వచ్చేసింది.

విఠలాచార్యగారి చిత్రాల్లో మాదిరే ఇక్కడా అస్థిపంజరాలు లేచొస్తాయి, మంత్రాలుంటాయి. కానీ చేతిలోని పనిముట్టు మాత్రం ప్రతి దెబ్బకూ అరుగుతూనే వుంటుంది. దాని ఆయుష్షు తీరిన క్షణాన ‘టప్’మని చప్పుడు... అంతే, చెయ్యి ఖాళీ!

ఈ అరుగుదల లెక్కంతా నేను తెలుసుకున్నది విజయనగరం పక్కనున్న నెల్లిమర్లలో. చంపావతి ఒడ్డున, జూట్ మిల్లు పేరుతో జనానికి తెలిసిన వూరు అది. మా అక్కయ్య అత్తవారిల్లు అక్కడే. గురువెవరంటారా? పదో తరగతి చదువుతున్న నా మేనల్లుడు!

పికాసుకీ ఓ ఆయుష్షు

మావాడు చెప్పిన లెక్క వినండి. కర్ర పికాసు 59 దిమ్మెలు తవ్వుతుంది. రాతిది 131, ఇనుపది 250. వజ్రపు పికాసైతే 1561. నెథరైట్ అనే అన్నిటికన్నా గట్టి లోహంతో చేసినది 2031. ఇక బంగారు పికాసు మహా వేగంగా తవ్వుతుందిగానీ 32కే సరి! మెరిసేదల్లా మన్నేది కాదన్నమాట. పికాసుతో తవ్వితే ఒకటి చొప్పున తరుగు. అదే పికాసుతో శత్రువును బాదితే రెండు చొప్పున తరుగు. ఏ పనికి ఏ పనిముట్టు వాడాలో మన పెద్దలు చెప్పేదీ ఇదేగా!

అరిగినదాన్ని బాగుచేసుకునే దారులు కూడా వున్నాయి. ఒకటి సానరాయి. సగం సగం అరిగిన ఒకే రకం పనిముట్లు రెంటిని దాని మీద కలిపితే, రెంటి ఆయుష్షూ కలిసి, పైన మరో 5 శాతం కొసరు దొరుకుతుంది. 400 మిగిలిన వజ్రపు పికాసులు రెండుంటే 878 ఆయుష్షు గల పికాసు ఒకటవుతుంది. అయితే వాటి మీదున్న మంత్రాలన్నీ సానరాయి మింగేస్తుంది.

రెండోది దాగలి. కమ్మరి కొలిమిలో వుండేదే. దాన్ని చేసుకోవాలంటే 31 ఇనుప కడ్డీలు కావాలి. దాగలి మీద పికాసు పెట్టి ఒక వజ్రం జోడిస్తే పావు వంతు ఆయుష్షు తిరిగొస్తుంది, మంత్రాలు చెక్కుచెదరవు. కానీ కూలి వజ్రంతో సరిపోదు. ఆటలో కష్టపడి సంపాదించిన అనుభవం లెవెల్స్ కూడా ఇచ్చుకోవాలి. ఇంకో విచిత్రం చూడండి. వాడినప్పుడల్లా దాగలి దెబ్బతినే అవకాశం 12 శాతం. సుమారు పాతిక మరమ్మతులకు అదీ మటాష్. అందరినీ బాగుచేసే దాగలికి మాత్రం వైద్యం లేదు!

సున్నా, ఒకటి, మూడు... అరవై మూడు!

అసలు చిక్కు ఇక్కడే వుంది. దాగలి ప్రతి పనినీ గుర్తుపెట్టుకుంటుంది. ఒక వస్తువు మొదటిసారి వస్తే అదనపు కూలి లేదు. రెండోసారి 1 లెవెల్, మూడోసారి 3, తర్వాత 7, 15, 31... ఏడోసారికి 63! మొత్తం కూలి 40 లెవెల్స్‌కి చేరిందా, దాగలి చేతులెత్తేస్తుంది. తెర మీద ‘టూ ఎక్స్‌పెన్సివ్’ అని ఎర్రక్షరాలు. ఎన్ని వజ్రాలు కుమ్మరించినా పని జరగదు.

మావాడి వజ్రపు పికాసుకి సరిగ్గా ఆ గతే పట్టింది. ఏడో తరగతి సెలవుల్లో చేసుకున్న పికాసు అది. దాంతోనే కొండ తొలిచి, నెల్లిమర్ల రైల్వే స్టేషన్ లాంటిదొకటి కట్టాడు. కాస్త అరగగానే దాగలి మీద పెట్టేవాడు. ఓ వజ్రం వేసేవాడు. అలా ఆరుసార్లు! ఏడోసారి ఎర్రక్షరాలు కనబడేసరికి పికాసుకి మిగిలిన ఆయుష్షు 23.

‘‘కొత్తది చేసుకోరాదుట్రా, వజ్రాలున్నాయిగా?’’ అన్నాను.

‘‘కొత్తది ఎవరికి కావాలి మావయ్యా! ఇది నాతో మూడేళ్లుంది’’ అన్నాడు మొహం ముడుచుకుని.

నవ్వబోయి ఆగిపోయాను. తెర మీది బొమ్మే కావచ్చు, వాడి మూడేళ్ల సెలవులు మాత్రం బొమ్మ కాదుగా!

మిల్లు మేస్త్రీ మాట

వాళ్ల తాతగారు ఒకప్పుడు జూట్ మిల్లులో ఫిట్టరు. గోగునార గోనెగుడ్డగా మారే మగ్గాల మధ్య ఆయన జీవితం గడిచింది. మనవడి గోల అంతా విని, వాలుకుర్చీలోంచి నా వైపు తిరిగారు.

‘‘ఏటి బాబూ, మిసను ఆగిపోయాక రిపేరు సెయ్యడం ఎవుడికైనా వస్తాది. అది నడుస్తున్నప్పుడే సద్దు ఇని, నూనె సుక్క ఏసీవోడే మేస్త్రీ’’ అన్నారు.

‘‘తాతా! అదే మెండింగ్!’’ అని గెంతాడు కుర్రాడు.

నాకు బోధపడలేదు. అప్పుడు చెప్పాడు. మెండింగ్ అనేది 2016లో ఆటలోకి వచ్చిన మంత్రం. అది పనిముట్టు మీద వుంటే వేరే మరమ్మతు అక్కర్లేదు. బొగ్గు తవ్వినప్పుడూ, శత్రువును పడగొట్టినప్పుడూ రాలే అనుభవం పాయింట్లు ముందు చేతిలో వున్న ఆ పనిముట్టుకే చేరతాయి. ఒక పాయింటుకి రెండు చొప్పున ఆయుష్షు పెరుగుతుంది. పనిచేస్తూనే బాగుపడుతుందన్నమాట. దీనికి తోడు అన్‌బ్రేకింగ్ మూడో మెట్టు మంత్రం వుంటే పనిముట్టు సగటున నాలుగు రెట్లు మన్నుతుంది. మామూలు మంత్రాలు వేసే బల్ల దగ్గర మెండింగ్ దొరకదు. గ్రామంలో పుస్తకాలమ్మే గుమాస్తా దగ్గర బేరమాడాలి, లేదా చేపలు పడుతూ అదృష్టం పరీక్షించుకోవాలి.

మావాడి దగ్గర ఆ పుస్తకం వుంది. కానీ పుస్తకాన్ని పికాసుకి ఎక్కించేదీ దాగలే. మళ్లీ ఎర్రక్షరాలే! మిగిలిన దారి ఒక్కటే... సానరాయి. దాని మీద పెడితే దాగలి రాసుకున్న పాత లెక్క మొత్తం చెరిగిపోతుంది. దాంతోపాటే మూడేళ్లుగా కూడబెట్టిన మంత్రాలూ పోతాయి. మామూలు పికాసు చేతికొస్తుంది.

ఆ సాయంత్రం వాడు భోజనానికి కూడా లేవలేదు. పెట్టెలో దాచుకుంటే పికాసు అలాగే వుంటుంది, కానీ ఇక తవ్వదు. సాన పడితే తవ్వుతుంది, కానీ పాత పికాసు కాదు. ‘‘ఏది మంచిది తాతా?’’ అన్నాడు.

‘‘దాసుకున్న పారకి తుప్పే పడతాది’’ అన్నారాయన, అంతే.

వాడు సాన పట్టేశాడు. బల్ల దగ్గర కొత్త మంత్రాలు వేయించి, పైన మెండింగ్ ఎక్కించి గనిలోకి దిగాడు. బొగ్గు దిమ్మెలు తవ్వుతూంటే పికాసు కింది సన్నటి గీత ఎరుపులోంచి పసుపుకీ, పసుపులోంచి పచ్చకీ పాకడం నేను కళ్లారా చూశాను. చెప్పొద్దూ, అంత చిన్న గీతలో అంత సస్పెన్స్ వుంటుందని నాకప్పటిదాకా తెలియదు!

ఆడేవాళ్లకు నాలుగు ముక్కలు

వజ్రపు పనిముట్టు చేతికి రాగానే ముందు మెండింగ్ సంగతి చూడండి. దాగలి దగ్గరికి మాటిమాటికీ పరుగెత్తకండి. ఒక్కో వజ్రం చొప్పున నాలుగుసార్లు వేసే బదులు, బాగా అరిగాక నాలుగూ ఒక్కసారే వేస్తే అది ఒక పని కిందే లెక్క. గాలిలో తేలే ఎలిట్రా రెక్కలుంటే లెక్క మరింత జాగ్రత్త! వాటి ఆయుష్షు 432, ఎగిరే ప్రతి సెకనుకీ ఒకటి చొప్పున తరుగు. అంటే మెండింగ్, అన్‌బ్రేకింగ్ లేకపోతే ఏడు నిమిషాల పైచిలుకే. చివరి గీతకొచ్చాక రెక్కలు మాయం కావు, ఎగరడం మానేస్తాయి. అప్పుడు మీరు ఎంత ఎత్తులో వున్నారన్నదే ప్రశ్న!

జానపద కథానాయకుడికి దర్శకుడు అండగా వుంటాడు కాబట్టి కత్తి సంగతి పట్టించుకోనక్కర్లేదు. ఈ ఆటలో కథానాయకుడూ మీరే, కమ్మరీ మీరే. కాబట్టి గనిలోకి దిగేముందు ఓసారి ఆ సన్నటి గీత ఏ రంగులో వుందో చూసుకోండి మరి!