పరదేశమున బిడ్డకు చెవిపోటు



దూరప్రయాణమునకు సిద్ధపడునప్పుడు మన స్త్రీలు మఱచు వస్తువులు మిక్కిలి తక్కువ. ఆవకాయ, కందిపొడి, పిల్లల ఉన్నిబట్టలు, బంధువులకు చీరలు, నడుమ పండుగ వచ్చునేమోయని పసుపు కుంకుమలు, అన్నియు పెట్టెలలోనికి చేరును. బిడ్డకు జబ్బుచేసినచో ఏమి చేయవలెనను ఆలోచన మాత్రము చేరదు. బయలుదేరుచు అట్టి మాట తలచుట అశుభమని పెద్దలందురు. మేమును అట్లే తలచి బయలుదేరితిమి. దానివలన మేము పడిన తొట్రుపాటును, నేర్చిన నాలుగు మాటలను మీకు విన్నవింపదలచితిమి.

గత వేసవి సెలవులలో మేము మావారితోను, ఆఱేండ్ల అమ్మాయితోను లండను నగరమున ఉద్యోగము చేయుచున్న మా తమ్ముని యింటికి పోయితిమి. బయలుదేరునాటికే అమ్మాయికి జలుబు పట్టియుండెను. విమానము నేలకు దిగుచుండగా అది చెవి పట్టుకొని వెక్కి వెక్కి ఏడ్చినది. దిగిన పిమ్మట నొప్పి కొంత శాంతించుటచే మేము దానిని లెక్కపెట్టలేదు.

దీని కారణమును మేము తరువాత తెలిసికొంటిమి. చెవి లోపలి గదినుండి ముక్కు వెనుక భాగమునకు ఒక సన్నని గొట్టము కలదు. కర్ణభేరికి ఇరుప్రక్కల గాలి యొత్తిడిని సమముగా నుంచుట దాని పని. పెద్దలకంటె పిల్లలకు ఈ గొట్టము పొట్టిగను, అడ్డముగను ఉండును. జలుబు చేసినప్పుడు అది వాచి మూసికొనిపోవును. విమానము దిగుచున్నప్పుడు వెలుపలి యొత్తిడి పెరుగగా కర్ణభేరి లోనికి లాగబడి నొప్పి పుట్టును. గుటక వేసినప్పుడెల్ల గొట్టము తెఱచుకొనును. కావున దిగు సమయమున చంటిబిడ్డకు పాలు పట్టవలెను; పెద్దబిడ్డను నిద్రలేపి నీళ్లు గుటకగుటకగా త్రాగింపవలెను.

చేరిన రెండవనాటి రాత్రి అమ్మాయికి జ్వరము వచ్చినది. నిద్రలేక, తల అటునిటు త్రిప్పుచు, చేయి చెవిమీదినుండి తీయకుండెను. బాల్యమున మా తండ్రిగారియొద్ద చదివిన గ్రంథములలో కాశ్యపసంహిత యొకటి. మాటలురాని శిశువు ఎచట బాధపడుచున్నదో చేష్టలనుబట్టి యెట్లు గ్రహింపవలెనో అందు వేదనాధ్యాయమున చెప్పబడినది. మాటిమాటికి చెవులు తాకుట, తల త్రిప్పుట, నిద్రలేమి, ఇవి చెవినొప్పికి గుర్తులు. రోగము తెలిసినదని మాకు ధైర్యము కలిగెను. వెంటనే వెల్లుల్లి రెబ్బ వేసి నూనె కాచి, గోరువెచ్చగా చెవిలో నాలుగు చుక్కలు వేసితిమి. ఇంటినుండి తెచ్చిన జ్వరపు మందు ఒక చెంచా త్రాగించితిమి.

అర్ధరాత్రమునకు జ్వరము తగ్గలేదు. మా మరదలు తన బిడ్డకు వాడు సీసా తెచ్చి, “వదినగారూ, ఇది మంచి మందు, రెండు చెంచాలు పోయుదునా?” అని అడిగినది. సీసా వేఱు, పేరు వేఱు, రంగు వేఱు. సరే యనబోయి, ఎందుకో రెండు సీసాలను దీపము దగ్గఱకు తీసికొనిపోయి చిన్న అక్షరములను చదివితిమి. రెండింటిలోను ఉన్నది ఒకటే మందు, పారాసెటమాల్! మా సీసాలో 5 మిల్లీలీటర్లకు 250 మిల్లీగ్రాములు, మరదలి సీసాలో 120. అనగా మా చెంచా యొకటి, ఆమె చెంచాలు రెండు, దాదాపు సమానము. మేము మందిచ్చి అప్పటికి రెండుగంటలే యైనది. ఈ మందు మోతాదునకు, మోతాదునకు నడుమ కనీసము నాలుగుగంటలు గడువవలెను. ఒక దినమున నాలుగు మార్లకు మించరాదు. మితిమీరినచో కాలేయము చెడును. ప్రేమతోనే ఇరువురము కలిసి బిడ్డకు హానిచేయబోయితిమని తలచుకొన్న నేటికిని మా గుండె ఝల్లుమనును.

వైద్యుని చూడవలెనన్నంతనే మావారికి వ్యయభయము పుట్టినది. “పరదేశపు ఆసుపత్రి గడప త్రొక్కినచో మన సంవత్సరపు జీతము చాలునా? తెల్లవాఱనిమ్ము, చూతము,” అనిరి. మాకు నూనెమీద నమ్మకము. ఆయనది లోభము, మాది గర్వము. నడుమ మూల్గుచున్నది బిడ్డ. అప్పుడు మా తమ్ముడు, “అక్కయ్యా, ఇచట 111 అను ఫోను సంఖ్య కలదు. రాత్రింబగళ్లు పలుకుదురు, రుసుము లేదు. అడిగి చూతము,” అని ఫోను కలిపినాడు.

అవతల మాటలాడినామె మమ్ము తొందరపెట్టలేదు. పిల్ల పిలిచిన పలుకుచున్నదా? ఊపిరి సుఖముగా నాడుచున్నదా? మెడ బిగిసినదా? ఒంటిమీద దద్దు లేచినదా? చెవి వెనుక వాపున్నదా? నీళ్లు త్రాగుచున్నదా? చెవి పట్టుకొని లాగుచున్నదా? ఈ కడపటి ప్రశ్న విన్నప్పుడు ఆ సంహితాకారుడు గుర్తునకు వచ్చినాడు. రోగిని గమనించు చూపు ఏ దేశముననైనను ఒక్కటే. ఆంగ్లము రానివారు తమ భాష చెప్పి దుబాసిని కోరవచ్చునని తమ్ముడు చెప్పినాడు. ప్రాణభయము లేదనియు, ఉదయమున దగ్గఱనున్న మందుల దుకాణములో చూపుమనియు, చెవిలో ఇక నేమియు వేయవలదనియు ఆమె చెప్పినది.

మందుల దుకాణము వైద్యశాల యెట్లగునని మీరడుగవచ్చును. అచట మందులిచ్చువారు ఫార్మసిస్టులను శిక్షితులు. లోపల చిన్న గది యుండును. ఊరక సలహా యడుగవచ్చును. ఇంగ్లండులో 2024 జనవరి 31వ తేదీనుండి చెవిపోటు, గొంతునొప్పి మొదలగు ఏడు చిన్న రోగములకు, అవసరమైనచో వైద్యుని చీటి లేకయే వారు మందిచ్చు ఏర్పాటు నడచుచున్నది. చెవిపోటునకు ఏడాది మొదలు పదునేడేండ్లవఱకు గల పిల్లలను చూతురు.

అచటి యువతి మొదట అడిగిన ప్రశ్న “పాప బరువెంత?” అని. మావారును మేమును ఒకరి మొగమొకరు చూచుకొంటిమి. విమానమువారు జరిమానా వేయుదురని పెట్టెలను మూడుమార్లు తూచి, గ్రాములతో సహా కంఠస్థము చేసిన మాకు బిడ్డ బరువు తెలియదు! ఆమె నవ్వలేదు. పాపను తూచినది. ఏ మందు పడదో, ఏ మందు ఏ వేళ నిచ్చితిమో అడిగినది. దీపముగల పరికరముతో చెవిలోనికి చూచి, “ఏమైన వేసితిరా? నూనె అడ్డుపడి కర్ణభేరి సరిగా కనబడుటలేదు,” అన్నది. మేము తలవంచుకొంటిమి. కర్ణభేరి చిల్లిపడియున్నచో చెవిలో వేసిన నూనె లోపలి గదిలోనికి దిగి కీడుచేయునని ఆమె నెమ్మదిగా చెప్పినది. మన పెద్దల చిట్కాలన్నియు చెడ్డవని మేమనము; చెవిలోనికి చూడక చెవిలో నూనె వేయుట మాత్రము తప్పని యొప్పుకొనుచున్నాము.

కొంత తుడిచి మఱల చూచిన మీదట, ఎఱ్ఱదనము కొంచెమున్నది గాని చిల్లి లేదన్నది. “ఆంటీబయాటిక్ ఇయ్యరా?” అని మావారు పట్టుబట్టిరి. మనయూరి దుకాణములలో అడిగినదే తడవుగా దొరకు మందు కదా! పిల్లల చెవిపోటు పెక్కుమార్లు మూడుదినములలో తనంత తగ్గుననియు, అవసరములేక ఆ మందు వాడినచో విరేచనములు పట్టవచ్చుననియు, నిజముగా కావలసిననాడు అది పనిచేయకపోవచ్చుననియు ఆమె వివరించినది. బరువునకు తగిన పారాసెటమాల్ వేళ తప్పక ఇచ్చి, మూడుదినములలో తగ్గనిచో, లేక చీము కారినచో తిరిగి రమ్మన్నది. మూడవనాటికి అమ్మాయి ఉయ్యాల యెక్కి నవ్వుచుండెను.

ఇక వ్యయము మాట. ఆ దేశమున 1948 జూలై 5వ తేదీన జాతీయ ఆరోగ్యసేవ యేర్పడినది. ఇంగ్లండులో సందర్శకులకును పేటవైద్యుని చూపు, అత్యవసర విభాగములోని తొలి చికిత్స ఉచితము. పదునాఱేండ్లలోపు పిల్లలకు చీటీమందులు ఉచితము. కాని ఆసుపత్రిలో చేర్చుకొన్నచో మనవంటివారికి అసలు ఖర్చునకు ఒకటిన్నర రెట్లు పడును. కావున ప్రయాణ భీమా వ్యర్థము కాదు. ఇతర దేశముల పద్ధతి వేఱు. అమెరికాలో సందర్శకులకు ప్రతి చూపునకును మూల్యము కలదు; ప్రాణాపాయము లేని చిన్న రోగములకు అచట అర్జంటు కేరు అను వైద్యశాలలు అత్యవసర విభాగముకంటె చౌక. అచట పారాసెటమాల్‌ను అసిటమినోఫెన్ అందురు. పిల్లల సీసాలో 5 మిల్లీలీటర్లకు 160 మిల్లీగ్రాములుండును.

ప్రయాణమునకు ముందు ఒక కాగితముపై ఈ క్రింది సంగతులు వ్రాసి చేతిసంచిలో నుంచుకొనుడు. బిడ్డ బరువు, పడని మందులు, వేయించిన టీకాలు, వాడు మందుల వ్యాపారనామము గాక అసలు పేరు, బలము, చేరబోవు దేశమున ఆపదకు పిలువవలసిన సంఖ్య (ఇంగ్లండులో 999, అమెరికాలో 911), భీమావారి ఫోను సంఖ్య. అదే కాగితముపై ఇచ్చిన మందు, ఇచ్చిన వేళ వ్రాయుచుండుడు. ఇంట నెందఱు తల్లులున్నను మందు రెండుమార్లు పడదు. మందును దాని సొంత సీసాలోనే తీసికొనిపొండు. కొలత గల చెంచాను వెంట నుంచుకొనుడు. పరదేశపు ధర్మామీటరు చాలచోట్ల సెల్సియసులో చూపును. 38 డిగ్రీలనగా మన 100.4. పదునాఱేండ్లలోపు పిల్లలకు వైద్యుడు చెప్పక ఆస్పిరిన్ ఇయ్యకుడు.

మూడునెలలు నిండని శిశువునకు 38 డిగ్రీల జ్వరము వచ్చినను, ఏ బిడ్డయైనను పిలిచిన సరిగా పలుకకున్నను, ఊపిరికి కష్టపడినను, మెడ బిగిసినను, గాజుగ్లాసు ఒత్తి చూచిన మాయని దద్దు లేచినను, చెవి వెనుక వాచి చెవి ముందుకు పొడుచుకొని వచ్చినను, ఖర్చును లెక్కింపక, తెల్లవాఱుటకు వేచియుండక ఆసుపత్రికి పరుగెత్తవలెను.

తిరుగు ప్రయాణమునకు ముందు, మఱల ఆ దుకాణమునకు పోయి, బిడ్డ విమానమెక్కవచ్చునా యని అడిగి, చెవి చూపించుకొంటిమి. ఈమాఱు బరువెంతయని ఆమె అడుగకముందే అమ్మాయియే చెప్పినది. పరాయిదేశమున తెలియదని చెప్పుటకు, అడుగుటకు మేము సిగ్గుపడిన ఆ యొక్కరాత్రి ఎంత దీర్ఘమైనదో మాకు తెలియును. మీ కట్టి రాత్రి రాకుండుగాక! వచ్చినచో చేతిసంచిలో ఆ కాగితముండుగాక!